తెల్ల కాయితం మీద సంతకం పెట్టొద్దు

(హుస్నాబాద్‌లో తండాల, గూడేల యువతతో జరిగిన సమావేశంలో నేను మాట్లాడిన మాటలు. అక్కడ అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులు కూడా కలిపి రాసి పెడుతున్నా.)



పోడు పట్టాల గురించో, రిజర్వేషన్ గురించో మాట్లాడతరని ఈడికి వచ్చినోళ్లు ఉన్నరు. అవి మాట్లాడుతూనే ఉన్నం, ఇంకా మాట్లాడతం. ఇయ్యాల మాత్రం జీతం గురించి. ఎందుకంటే ఈ హాల్లో కూసున్నోళ్లలో భూమి మీదనే బతికేటోళ్లు తక్కువైపోయిన్రు. ఒకరు కరీంనగర్‌ల బట్టల షోరూంలో నిలబడతరు. ఒకరు హైదరాబాద్‌ల అపార్ట్‌మెంట్ గేటు కాడ రాత్రి డ్యూటీ చేస్తరు. ఒకరు ప్రైవేటు స్కూల్లో పాఠం చెప్తరు, ఒకరు దవాఖానలో హౌస్ కీపింగ్, ఒకరు గ్రానైట్ క్వారీ, ఒకరు పటాన్‌చెరు దిక్కు మందుల కంపెనీ. చదువుకున్నోళ్లూ ఉన్నరు, చదువుకోనోళ్లూ ఉన్నరు. కానీ ఎవరిని అడిగినా కథ ఒక్కటే వస్తది. రెండు నెలల జీతం ఆపిండు. పీఎఫ్ కట్ చేసిండు కానీ కట్టలేదు. సర్టిఫికెట్లు ఇస్తలేడు. మానేస్తానంటే ఆఖరి నెల పైసలు ఎగ్గొట్టిండు.

ఇంట్ల చెప్తే ఏమంటరు? "పోతే పోయింది బిడ్డా, ఇంకో పని చూసుకో." మన యాడి, బాపు అట్ల అనడానికి కారణం ఉన్నది. వాళ్లు చూసిన కాలంలో అడిగినోని గతి ఏమైందో వాళ్లకు తెలుసు. ఈ ప్రాంతం వెట్టి చూసిన ప్రాంతం. ఇక్కడికి దగ్గర్లనే మహమ్మదాపూర్ గుట్టల్లో 1948 మార్చి 14న అనభేరి ప్రభాకర్ రావు, ఆయన సహచరులు నిజాం బలగాల తూటాలకు అమరులైన్రు. ఆ రోజుల్లో దళాలు ఊరూరు తిరిగి పటేల్, పట్వారీల దఫ్తర్లు కాలబెట్టినయ్. ఎందుకు కాలబెట్టినయంటే, అప్పుడు కాయితం దొర చేతిల ఉండేది. మన అప్పు, మన శిస్తు, మన వెట్టి అన్నీ అందులోనే రాసుండేటివి. ఇప్పటి యజమాని ఇంకా తెలివిగల్లోడు. వాడు అసలు కాయితమే పుట్టనియ్యడు. నువ్వు ఆడ పని చేసినట్టే రుజువు ఉండదు. అందుకే ఇయ్యాల నేను చెప్పేది చాలా వరకు కాయితం గురించే ఉంటది.

1982ల ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినయ్. వాటి కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టడానికి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒడిశా నుంచి కూలీలను తెచ్చిన్రు. అప్పటి కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్ ఆ పైసలు కూలీల చేతికి ఇయ్యలేదు, జమాదార్లకు ఇచ్చిండు. జమాదారు రూపాయి కమీషన్ తీసుకొని 8 రూపాయల పావలా కూలీ చేతిల పెట్టిండు. ఆడోళ్లకైతే 7 రూపాయలే. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ అనే సంఘం దీని మీద సుప్రీం కోర్టు జడ్జి పి.ఎన్. భగవతికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషన్ కింద తీసుకున్నరు. 1982 సెప్టెంబర్ 18న తీర్పు వచ్చింది.

ఆ తీర్పుల ఒక మాట ఉన్నది, ప్రతి తండా యువకుడు గుర్తు పెట్టుకోవాలె. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీ. మెడ మీద కత్తి పెడితేనే బలవంతం కాదు, ఆకలి కూడా బలవంతమే అన్నది కోర్టు. ఆకలికి తట్టుకోలేక తక్కువ కూలికి ఒప్పుకున్నోడు ఇష్టపడి ఒప్పుకున్నట్టు కాదు. మన సేటు, మన మేనేజర్ రోజూ చెప్పే డైలాగ్ ఏంది? "నువ్వు ఒప్పుకునే కదా వచ్చినవ్." ఆ డైలాగ్‌కు జవాబు నలభై ఏండ్ల కిందనే వచ్చింది.

ఆ రూపాయి కమీషన్ దగ్గర జర ఆగుదాం. ఇయ్యాల దాని పేరు ఏజెన్సీ. దవాఖానలో ఊడ్చే అక్కకు జీతం ఇచ్చేది దవాఖాన కాదు, ఏజెన్సీ. ఏజెన్సీ కింద సూపర్‌వైజర్, సూపర్‌వైజర్ కింద ఇంకొకడు. పైనుంచి ఎంత విడుదలైతున్నదో ఆ అక్కకు తెల్వదు. అకౌంట్ల పడినంక ఏటీఎం కార్డు సూపర్‌వైజరే పెట్టుకున్న సంగతులు కూడా మన దగ్గరికి వచ్చినయ్. జీతం రాలేదని దవాఖానోళ్లను అడిగితే ఏజెన్సీని అడగమంటరు, ఏజెన్సీని అడిగితే బిల్లు రాలేదంటరు. ఇద్దరి మధ్యల బంతి లెక్క తిరుగుతం. చట్టంలో ఈ తిరుగుడు లేదు. కాంట్రాక్టర్ జీతం ఇయ్యకపోతే అసలు యజమాని ఇయ్యాలె. పాత కాంట్రాక్ట్ కార్మికుల చట్టం 1970ల అదే ఉండె, ఇప్పటి వేతనాల కోడ్‌లనూ అదే ఉన్నది. కాబట్టి ఫిర్యాదు రాసేటప్పుడు ఏజెన్సీ పేరు ఒక్కటే రాయొద్దు, ఇద్దరి పేర్లూ రాయాలె.

ఇంకో మాట చెప్తా, కొందరికి కోపం రావొచ్చు. ఆ జమాదారు ఎక్కడ్నుంచో రాడు. చాలాసార్లు మన తండావాడే. మనకు మామ అయితడు, బావ అయితడు. పెండ్లికి అడ్వాన్స్ ఇచ్చిందీ వాడే, పనికి తోలుకపోయిందీ వాడే. వాని మీద కంప్లైంట్ ఇచ్చుడంటే తండాల సుట్టరికం తెగుడు. అందుకే చాలా కేసులు పుట్టకముందే సస్తయ్. నేనేమంటానంటే, మేస్త్రీ చేతిలకు కూడా పైసలు రాని సందర్భాలు ఉంటయ్, అప్పుడు వాణ్ని మన దిక్కు తెచ్చుకోవాలె, సాక్షిగా నిలబెట్టాలె. కానీ వాడు తిన్నడని తెలిస్తే మాత్రం బావ అయినా మామ అయినా పేరు రాయాల్సిందే. సుట్టరికం చూసి ఊకుంటే, వచ్చే యేడు వాడు ఇంకో పది మంది పిల్లలను తోలుకపోతడు.

అడ్వాన్స్ సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలె. అడ్వాన్స్ తీరేదాకా పోవద్దు అని ఆపితే, ఇంకో కాడ పనికి పోనియ్యకపోతే, అది వెట్టి. 1976 చట్టం ప్రకారం ఆ అప్పు రద్దు అయిపోతది, కట్టే పని లేదు. కలెక్టరో, ఆర్డీఓనో విచారణ చేసి విడుదల సర్టిఫికెట్ ఇయ్యాలె. పునరావాసం కింద మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షల దాకా 2016 పథకంల ఉన్నది. పెద్దపల్లి, కరీంనగర్ దిక్కు ఇటుక బట్టీలకు యేటా ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తయ్. వాళ్లల్లో ఆదివాసీలు, దళితులే ఎక్కువ. 2013 డిసెంబర్‌ల కలహండి జిల్లాకు చెందిన ఇద్దరు కూలీలు చెప్పిన చోటుకు రామన్నందుకు కాంట్రాక్టర్ మనుషులు వాళ్ల కుడి చేతులు నరికిన్రు. మనం మన జీతాల గురించి మాట్లాడేటప్పుడు, మన ఊరి పక్కన బట్టీల ఉన్న వాళ్లు మనకు ఏమీ కారనుకుంటే ఈ జెండాలెందుకు?

సరే, చట్టం. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లకు వచ్చినయ్. కార్మిక సంఘాలు వీటిని వ్యతిరేకిస్తున్నయ్, నేనూ వ్యతిరేకినే. సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసు అన్నరు. కాంట్రాక్ట్ కార్మికుల రక్షణ ఇంతకు ముందు 20 మంది ఉన్న చోటికి వర్తించేది, ఇప్పుడు 50 అన్నరు. మన పిల్లలు పని చేసేదంతా పది, ఇరవై మంది ఉండే చోట్లనే కదా. అంటే సగం దెబ్బ మనకే. దాని మీద కొట్లాట వేరే జరగాలె. కానీ వ్యతిరేకిస్తున్నం కదా అని అందులో మనకు పనికొచ్చే అక్షరాలను కూడా వదిలిపెట్టుడు తెలివితక్కువ పని. వేతనాల కోడ్‌ల ఏమున్నదో చూడండి.

నెల జీతం వచ్చే నెల 7వ తారీఖు లోపల పడాలె. మానేసినా, తీసేసినా, రెండు పని దినాల లోపల లెక్క చేసి మొత్తం ఇయ్యాలె. "మూడు నెలల తర్వాత రా, హెడ్ ఆఫీస్ నుంచి వస్తది" అనేది చట్టంల లేదు. ఓవర్ టైం పని చేస్తే రెండింతల రేటు. గ్లాసు పగిలింది, లేటు వచ్చినవ్ అని జరిమానా వేసినా అది ఆ నెల జీతంల 3 శాతం దాటొద్దు. అన్ని కోతలు కలిపినా సగం దాటొద్దు. జీతం రాకపోతే మూడేళ్ల లోపల ఎప్పుడైనా క్లెయిమ్ వేయొచ్చు. పాత కనీస వేతనాల చట్టంల దీనికి ఆరు నెలలే ఉండె. అధికారి ఒప్పుకుంటే, ఎగ్గొట్టిన పైసలకు పదింతల దాకా నష్టపరిహారం కూడా వేయొచ్చు. అన్నింటికంటే పెద్దది ఇంకోటి ఉన్నది. జీతం ఇచ్చినట్టు రుజువు చేయాల్సింది యజమాని. ఇయ్యలేదని నువ్వు రుజువు చేసే పని లేదు.

మరి కాయితం ఎందుకని అడుగుతరు. ఎందుకంటే, నువ్వు ఆడ పని చేసినట్టు మాత్రం నువ్వు చూపెట్టాలె. "ఈ అబ్బాయి ఎవరో మాకు తెల్వదు" అంటే ఏం చేస్తవ్? ఇది ఊహ కాదు, మన కాడికొచ్చిన చాలా కేసుల్ల మొదటి జవాబు ఇదే. అందుకే ఈ రోజు నుంచి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఎన్నింటికి పోయిన్రు, ఎన్నింటికి వచ్చిన్రు, ఎవరు పని చెప్పిన్రు, ఎంత ముట్టింది, ఏ రోజుకారోజు రాసుకోండి. నెల ఆఖరుకు ఒక్కసారే కూసొని రాస్తే అది అదే ఇంకుతో అదే చేతిరాతతో దొరికిపోతది. సూపర్‌వైజర్ వాట్సాప్‌ల "రేపు ఆరింటికి రా" అని పెట్టిన మెసేజ్ ఉంటది, దాన్ని డిలీట్ చేయొద్దు. ఫోన్ మారిస్తే పాత ఫోన్ అమ్మొద్దు. ఐడీ కార్డు రెండు వైపులా ఫోటో, యూనిఫాంల దిగిన ఫోటో, హాజరు రిజిస్టర్ ఫోటో. జీతం ఫోన్‌పేల వచ్చినా పర్వాలేదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌ల పంపినోని పేరు వస్తది. అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యాల్సిందేనని ఇప్పుడు కోడ్ చెప్తున్నది, అడగండి. అడిగినట్టు కూడా మెసేజ్ పెట్టండి. ఇయ్యకపోతే, అడిగిన మెసేజే మీకు రుజువు.

ఇగ తెల్ల కాయితం. చేర్చుకునేటప్పుడు ఖాళీ కాయితం మీద, ఖాళీ వోచర్ మీద, ఒక్కోసారి ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టించుకుంటున్నరు. తర్వాత దాని మీద ఏమన్నా రాసుకోవచ్చు. రాజీనామా రాసుకోవచ్చు, మొత్తం పైసలు ముట్టినయని రాసుకోవచ్చు, అప్పు తీసుకున్నడని రాసుకోవచ్చు. పెట్టకపోతే ఉద్యోగం ఇయ్యడు కదా అన్నా, అని ఒక చెల్లె అడిగింది. నిజమే. ఇప్పటికే పెట్టినోళ్లు ఉంటే, ఇయ్యాలనే ఆ కంపెనీ మెయిల్‌కో, మేనేజర్ వాట్సాప్‌కో ఒక్క లైను పంపండి: ఫలానా తారీఖున మీరు నాతోని ఖాళీ కాయితం మీద సంతకం పెట్టించుకున్నరు, దాన్ని వాపస్ ఇయ్యండి అని. ముందు తారీఖు మీదే ఉంటది. కొత్తగా పెట్టేటోళ్లయితే, ఖాళీ జాగల గీత కొట్టి, కింద తారీఖు వేసి పెట్టండి. వద్దంటే వాని ఉద్దేశం ఏందో అప్పుడే అర్థమైతది.

సర్టిఫికెట్ల సంగతి నాకు జరిగింది కాబట్టి రెండు మాటలు. డిగ్రీ అయినంక ఒక ప్రైవేటు సంస్థలో చేరిన. ఒరిజినల్ మెమోలు వెరిఫికేషన్ కోసం అని తీసుకున్నరు. మానేస్తానన్నప్పుడు బాండ్ పైసలు కడితేనే ఇస్తం అన్నరు. నాలుగు నెలలు తిరిగిన. ఆఖరికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒక నోటీసు పోయినంక వారం రోజుల్ల ఇచ్చిన్రు, చాయ్ కూడా తాగించిన్రు. ఆ నోటీసుకు నాకు ఒక్క పైసా ఖర్చు కాలేదు. ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయం ఎంత ఉన్నా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంల ఉన్నది. ఫోన్ నంబర్ 15100, గుర్తు పెట్టుకోండి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకునే హక్కు ఏ చట్టమూ యజమానికి ఇయ్యలేదు. కానీ ఏ బాండూ చెల్లదు అని యూట్యూబ్‌ల చెప్పేటోళ్లను నమ్మకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీం కోర్టు 2 లక్షల బాండ్‌ను సమర్థించింది. అది ప్రభుత్వ బ్యాంకు, నోటిఫికేషన్ ఇచ్చి పెద్ద ఖర్చుతోని నియామకం చేసుకున్నరనే లెక్క మీద. నీకు పది రోజుల ట్రైనింగ్ కూడా ఇయ్యని స్కూలోడు లక్ష రూపాయల బాండ్ రాయించుకునుడు వేరే సంగతి. తేడా తెలుసుకొని మాట్లాడాలె, లేకపోతే అవతలి లాయర్ ముందు మనమే పలుచనైతం.

పీఎఫ్ గురించి చిన్నగా. జీతంల కట్ చేస్తున్నరా, అయితే ఉమంగ్ యాప్‌ల పాస్‌బుక్ చూడండి, నెలనెలా చూడండి. కట్ చేసి కట్టకపోతే అది లెక్కల తప్పు కాదు, నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు. ఈఎస్ఐ కూడా అంతే. పది మంది ఉన్న చోట, 21 వేల లోపు జీతం ఉంటే ఈఎస్ఐ ఉండాలె. మీ వాటా 0.75 శాతమే. మా తమ్ముళ్లు "ఈఎస్ఐ వద్దు, చేతికి ఎక్కువ వస్తది" అని వాళ్లే రాసిచ్చేస్తున్నరు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలినప్పుడు నలభై మందికి పైగా సచ్చిపోయిన్రు. కొందరు ఆనవాళ్లు కూడా దొరకకుండా పోయిన్రు. అసొంటి చోట రికార్డుల్ల పేరు ఉన్నోడే ఉన్నట్టు. మందుల కంపెనీలకు పోయే తమ్ముళ్లకు చేతులెత్తి చెప్తున్న, చేరిన రోజే ఈఎస్ఐ నంబర్ తీసుకొని ఇంట్ల రాసిపెట్టి పోండి.

షోరూంలలో నిలబడే చెల్లెళ్ల మాట. పన్నెండు గంటలు నిలబడి కాళ్లు ఉబ్బుతున్నయ్, కూసుంటే సీసీ కెమెరాల చూసి జరిమానా వేస్తున్నరు అని చెప్పిన్రు. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల్ల పని చేసే ఆడవాళ్లు ఇదే బాధ మీద సంఘం పెట్టుకున్నరు. కుట్టుపని చేసే పి. విజి అనే ఆమె ముందు నడిచింది. ఏండ్లకు ఏండ్లు కొట్లాడితే 2018ల కేరళ ప్రభుత్వం చట్టం మార్చి కూసునే హక్కు ఇచ్చింది. 2021ల తమిళనాడు కూడా ఇచ్చింది. మన తెలంగాణల ఆ మార్పు రాలేదు. కానీ మన షాపుల చట్టం, 1988ది, రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే అన్నది. ఆరు నెలలు పని చేసినోళ్లను కారణం లేకుండా, నెల నోటీసు లేకుండా తీసేయొద్దు అని 47వ సెక్షన్‌ల ఉన్నది. 2025 జూలైల ప్రభుత్వం రోజుకు 10 గంటలు చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది కదా అంటరు మేనేజర్లు. ఆ జీవో దుకాణాలకు కాదు. మిగతా వాణిజ్య సంస్థలకు కూడా వారం 48 గంటలు దాటితే ఓటీ ఇయ్యాల్సిందే. ఇగ వంకర మాటలు, చేతులు వేసుడు, రాత్రి మెసేజ్‌లు, వీటికి 2013 చట్టం ఉన్నది. పది మంది పైన ఉంటే లోపలనే కమిటీ ఉండాలె. లేకపోయినా, ఓనరే అసొంటోడైనా, జిల్లా స్థానిక కమిటీకి ఇయ్యొచ్చు. మూడు నెలల లోపల ఇయ్యాలె, ఇది మాత్రం ఆలస్యం చేయొద్దు.

కులం పేరు పెట్టి నలుగురి ముందు తిడితే, లేదా మనతోని వెట్టి చేయిస్తే, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది. 3(1)(హెచ్) అనే క్లాజు వెట్టి గురించే పెట్టిన్రు. ఎఫ్ఐఆర్ చేయడానికి ముందు విచారణ అవసరం లేదని 2018ల చట్టం సవరించి రాసిన్రు. ఎస్ఐ "ముందు మాట్లాడుకోండి" అంటే ఆ సెక్షన్, 18ఎ, చూపెట్టండి. కానీ మామూలు జీతం గొడవకు లేని కులం తిట్టు కలపమని సలహా ఇచ్చేటోళ్లు ఉంటరు. వద్దు. అది రేపు నిజంగా తిట్లు పడ్డ అక్క కేసును కూడా ఖరాబు చేస్తది.

కంప్లైంట్ ఇస్తే ఉద్యోగం పోదా అన్నా? ఈ ప్రశ్న ముగ్గురు అడిగిన్రు. పోవచ్చు. పోదని నేను అబద్ధం చెప్పను. ఇంట్ల ఒక్కడే సంపాదించేటోనికి "ధైర్యంగా నిలబడు" అని మైకు పట్టుకొని చెప్పుడు నాకు సులువు. అందుకే మూడేళ్ల గడువు సంగతి రెండోసారి చెప్తున్న. ఈ రోజు కాయితాలు జమ చేసుకో. ఇంకో పని చూసుకో. పని దొరికినంక క్లెయిమ్ వెయ్యి. ఇందులో పిరికితనం ఏమీ లేదు. ఒక్కడివి పోయే బదులు అదే చోట పని చేసిన ఐదుగురో ఆరుగురో కలిసి పోండి. మీ పేర్లు బయటపడొద్దంటే రిజిస్టరైన యూనియన్ మీ తరఫున క్లెయిమ్ వేయొచ్చు, చట్టంల ఆ దారి ఉన్నది. దేనికైనా సరే, పోయి అద్దాలు పగలగొట్టుడు, మేనేజర్‌ను కొట్టుడు మాత్రం పెట్టుకోవద్దు. వాళ్లకు కావాల్సింది అదే. జీతం కేసు మాయమైతది, దొమ్మీ కేసు మిగులుతది, కోర్టు వాయిదాలకు తిరిగేది మన బాపు.

పెద్దమనుషుల పంచాయితీల కూసుండి సగం పైసలకు ఒప్పుకునే ముందు ఒక్కసారి మాకు ఫోన్ చేయండి. ఒప్పుకోవాల్సి వస్తే ఒప్పుకోండి, ఇల్లు గడవాలె కదా, కానీ "ఇంతే ముట్టింది, మిగతాది రావాలె" అని రాసి సంతకం పెట్టండి. ఇంకో ఆలోచన కూడా మనం అందరం చేయాలె. కనీస వేతనాలను సవరిస్తూ మన ప్రభుత్వం 2021 జూన్‌ల ఐదు రంగాలకు జీవోలు ఇచ్చింది, గెజిట్‌ల అచ్చు వేయలేదు. గెజిట్ల రాకపోతే అమలు కాదు. కాంట్రాక్టర్ల ఒత్తిడి లేకుండా ఇట్ల ఆగుతదా? యజమాని చేసే అన్యాయం ఆడ మొదలై ఈడ మన తండా దాకా వస్తది.

ఇయ్యాల పేర్లు రాయించుకున్నోళ్లు పదకొండు మంది అయిన్రు. దరఖాస్తు ఎట్లుండాలంటే: పేరు, తండా, ఏ చోట, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, నెలకు ఎంత మాట్లాడుకున్నరు, ఎంత ముట్టింది, ఎంత రావాలె. ఒక్క పేజీ చాలు, కోపం రాయొద్దు, లెక్క రాయండి. ఒకటి లేబర్ ఆఫీసర్‌కు, ఒకటి యజమానికి స్పీడ్ పోస్ట్, రశీదు పెట్టుకోవాలె. ఆఫీసుల ఇచ్చిన కాపీ మీద ముద్ర, తారీఖు వేయించుకోకుండా బయటికి రావొద్దు. ఏఎల్ఓ సారు లేడని వాపస్ పంపితే సోమవారం సిద్దిపేట కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది, అక్కడ ఇస్తే నంబర్ పడతది.

వచ్చే సోమవారం పొద్దున ఏడున్నరకు హుస్నాబాద్ బస్టాండ్ కాడ కలుద్దాం. ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్, కుల సర్టిఫికెట్, రెండేసి జిరాక్సులు తెచ్చుకోండి. రాయరాని పెద్దోళ్లు ఉంటే మన ఇంటర్ చెల్లెళ్లు ఇద్దరు రాసిపెడతమన్నరు, ఆరు గంటలకే వస్తరట. నోట్‌బుక్కులు మర్చిపోవద్దు. జోహార్. జై ఆదివాసీ.